మూడో పిలుపు

పొద్దుగూకినంక ఆ పాత ప్రార్థన గుడి దిక్కు ఎవ్వలూ పోరట. ఖతర్ల, షహానియా అనే ఊరి ఒంటెల కొట్టాలకు అవుతల, ఇసుకల... నాలుగు మొండి గోడలు. మీద కప్పు లేదు.

మా అన్న మల్లన్న చెప్పంగ విన్నదే రాస్తున్న. నేను ఆ దేశం చూడలేదు. మా ఊళ్లె గల్ఫు దేశం ఏదైనా అందరు దుబాయ్ అనే అంటరు.

పెట్రోలు పైసలతోని దోహల మేడలు లేస్తున్న రోజులవి. అన్న, మా ఇంటాయన ఇద్దరూ ఒక్క షేకు దగ్గర ఒంటెలు కాసేటోళ్లు. వాళ్లతోటి పాతబస్తీ నిజాముద్దీన్ చాచా ఉండె. గుడి సంగతి ఆయనే చెప్పిండట.

"ఎన్నో వందల ఏండ్ల కింద ఈడ ఊరుండె బేటా. ఇది మసీదని కొందరు, అంతకుముందు కిరస్తానీల గుడి అని కొందరు... ఎవలకెరుక? దుమ్ము లేస్తే గుడి ముసలాయన గోడెక్కి, తొవ్వ తప్పినోళ్లను పిలిచెటోడు. బాయి ఎండి ఊరంత పోయింది. ఆయన పోలే. ఇప్పటికీ పిలుస్తడు — మన మనిషి గొంతుతోని."

"నువ్వు గిట్ల చెప్తె ఒంటెలు గూడ మేత ముట్టవు చాచా" అని మా ఇంటాయన నవ్విండట.

ఎండకాలం. సూడి ఒంటె ఒకటి తప్పిపోయింది. దాన్ని దేవులాడ పోయిన అన్న మీదికి దుమ్ము లేచింది. చెయ్యి చాపితే చెయ్యి కానరాలే. తెచ్చుకున్న నీళ్లు ఒడిసినయి. తడుముకుంట పోతే గోడ తగిలింది. లోపల జొచ్చినంక తెలిసింది... అదే గుడి.

చీకటి పడ్డది. నాలుక అంగిట్లకు అతుక్కున్నది. ఇగ బతుకనని అన్న మూలకు ఒరిగిండు.

అప్పుడు వినపడ్డది.

"బావా..."

మా ఇంటాయన గొంతు. అన్న లేవబోయి — ఆగిండు.

మా దిక్కు చీకట్ల ఒక్క పిలుపుకు పలుకరు. దెయ్యం రెండుసార్లే పిలువగలదంటరు. మూడోసారి పిలిస్తెనే మనిషి. మా అవ్వ మమ్ముల అట్లనే పెంచింది.

"ఓ బావా... నీళ్లు తెచ్చిన..."

రెండు. గోడకు అవుతలనే!

నీళ్లన్న మాటకు పానం గుంజుతున్నది. అన్న అంగీ కొస నోట్లె కుక్కుకున్నడు. 'ఇంకొక్కసారి పిలువు... నీ కాల్మొక్త, ఒక్కసారి' అని లోపల్లోపల ఏడ్చిండు.

గాలి తప్ప ఇంకేం లేదు.

గాలి ఆగి, తూర్పు తెల్లబడుతుంటె —

"బావా!"

మూడోది! నిండు గొంతుతోని.

"ఈడున్న బావా! ఈడున్న!" అని అన్న బయటికి ఉరికిండు.

మా ఇంటాయన గోడకు ఆనుకొని కూసున్నడు. అన్న రాలేదని, చాచా అద్దన్నా ఇనకుంట, మండే ఎండలనే బయలెల్లిండట. ఒళ్లె నీళ్ల డబ్బా ఉన్నది. మూత తియ్యలే. ఒక్క బుక్క గూడ తాగలే... అన్న కోసమని.

పికప్ వేసుకొని దేవులాడుకుంట వచ్చిన చాచా, ఆయన చెయ్యి పట్టి చూసిండు. అది కట్టె లెక్క బిగుసుకపోయింది.

"ఇప్పుడే పిలిచిండు చాచా! గింత గట్టిగ పిలిచిండు!"

చాచా మెల్లగ తల ఎత్తి, గోడ మీదికి చూసిండట.

"బేటా... ఈ పానం రాత్రే పోయింది."