ఎర ఫైలు

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఆ ఉదయం తేసోప్ ఇంట్లో సోయా మొలకల చారు మరుగుతోంది. తేసోప్ అంతకంటే ఎక్కువ ఉడుక్కుంటున్నాడు. ఒకప్పుడు తన దగ్గరే చదువుకుని, తర్వాత తననే పెళ్లాడిన హగ్యాంగ్‌కి యూనివర్సిటీ పెద్ద బాధ్యత అప్పగించింది. కంప్యూటర్ భద్రతలో కొత్త డిగ్రీకి పాఠ్యప్రణాళిక మొత్తం ఆమే తయారుచేయాలి. ఏళ్ల తరబడి అక్కడే గుప్తలిపి శాస్త్రం బోధిస్తున్న ఆయన్ని మాట వరసకైనా ఎవరూ అడగలేదు.

"కోడలు పెద్ద పనిలో ఉంటే నువ్వెందుకురా మొహం మాడ్చుకుంటావు?" అంది తల్లి, కిమ్చీ పచ్చడి గిన్నె ముందుకు తోస్తూ.

"పెద్ద పనే! మొదటి ఏడాదే పిల్లలకి కంప్యూటర్ల మీద దాడి చెయ్యడం నేర్పిస్తుందట. లెక్కలు రాకుండానే చేతికి కత్తులిస్తుందన్నమాట."

"దొంగ ఎటు వస్తాడో తెలియకుండా గొళ్లెం ఎక్కడ పెట్టమంటారండీ?" అని నవ్వి హగ్యాంగ్ స్నానానికి వెళ్లింది.

ఆ నవ్వు ఆయనకి పుండు మీద కారం రాసినట్టయింది. తల్లి వంటింట్లోకి వెళ్లగానే భార్య లాప్‌టాప్ తెరిచాడు. అవసరానికి ఉంటుందని పాస్‌వర్డ్ ఆమే చెప్పింది. 'తొలగించే కోర్సులు' అన్న ఫైలు కనబడింది. తన కోర్సుకి నూకలు చెల్లాయనుకుంటూ నొక్కాడు.

లోపల రెండే వాక్యాలు: 'ఇది ఎర. ఎందుకు తెరిచారో తరగతిలో చెప్పండి.'

హగ్యాంగ్ తడి జుట్టుతో, చేతిలో ఫోనుతో బయటికొచ్చింది. ఫైలు తెరిస్తే ఆమె ఫోను మోగుతుంది. విద్యార్థుల మొదటి పాఠం కోసం చేసిన ఏర్పాటది.

"మీరా? ఇలాంటి ఎరల గురించి నాకు నేర్పిందే మీరు కదండీ! నమ్మి చెప్పిన పాస్‌వర్డ్‌తో నా ఇంట్లోనే దొంగతనమా? మీ కోర్సు తీసేస్తాననుకున్నారా?"

"అడగడానికి నామోషీ వేసింది. ఆ పని నాకిస్తారనుకున్నాను. నీకిచ్చారు. ఓర్వలేకపోయాను." ఆయన లాప్‌టాప్ మూసి ఆమె వైపు తోశాడు.

హగ్యాంగ్ ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ కోర్సు అలాగే ఉంది. చివరి ఏడాదిలో ఇంకోటి పెట్టాను. తాళాలు చేతిలో ఉన్న లోపలి మనిషే ఎందుకు ద్రోహం చేస్తాడన్నది. చెప్పడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. కారణాలు డబ్బు, భయం, కోపం అని రాశాను."

"ఈర్ష్య కూడా రాయి," అన్నాడు తేసోప్ కళ్లు తుడుచుకుంటూ. "ఆ పాఠం నేను చెబుతాను."

"అంతమంది పిల్లల ముందు చెప్పగలరా?"

"నీ ముందు చెప్పడమే కష్టమైంది. అదయిపోయింది కదా."