బుడంకాయ తిండి

ఉదయం ఏడింటికి వంటింట్లో డబ్బా మూత ఊడిన చప్పుడైంది. సింకు దగ్గర గిన్నెలు తోముతున్న కోడలు తల తిప్పలేదు. ఆమె వెనకాల ఆడపడుచు చిన్ని, డబ్బాలోని కోడిమాంసపు పీచుల్ని చెంచాతో గిన్నెలోకి దులుపుతూ, "రా నా బంగారం, రా!" అని పిలుస్తోంది.

బుడంకాయ వచ్చింది. రోజూ గోళ్ళు టకటకలాడిస్తూ దూసుకొచ్చే ఆరు నెలల కుక్కపిల్ల ఈవేళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముందరి కుడికాలు నేలకు ఆనించకుండా పైకి పట్టుకుని నిలబడింది.

"అమ్మా! ఇది కుంటుతోందే!"

అత్తగారు కూరగాయల కత్తి పక్కన పెట్టి పరుగున వచ్చింది. కాలు పట్టుకోబోతే పిల్ల కీచుమంది. చిన్ని మెల్లగా లేచి వదినవైపు తిరిగింది.

"నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను."

"ఆరేసిన బట్టలు లాగిందని దాని మీద అరిచావట. పక్కింటావిడ చెప్పింది."

"అరిచాను. బట్టలు బురదలోకి ఈడిస్తే చప్పట్లు కొట్టమంటావా?"

"అరిచి ఊరుకున్నావా, కాలితో తన్నావా కూడా?"

కోడలి చేతిలోని గిన్నె సింకులో పడింది. వీధి గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న ఆమె భర్త తల ఎత్తాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎనిమిదికల్లా బయటపడాలి.

"పొద్దున్నే మొదలెట్టారా? ఏదో బెణికి ఉంటుంది లెండి."

"నువ్వు ఊరుకో అన్నయ్యా! అదంటే మొదట్నుంచీ పడదు మీ ఆవిడకి."

పడకపోవడం కాదు. మూడు నెలల కిందట పిల్ల ఇంటికొచ్చిన వారానికి కోడలు దానికి మిగిలిన కూరన్నం పెట్టింది. అది కక్కుకుంది. ఆ రోజే చిన్ని, "దీని గిన్నె జోలికి నువ్వు రాకు వదినా" అని తేల్చి చెప్పేసింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే చిన్నికి అది మొదటి ఉద్యోగం. మొదటి జీతంతో కొనుక్కున్న కుక్క అది.

డబ్బాలు కొనడానికి అందరూ కలిసి దుకాణానికి వెళ్ళినప్పుడు కోడలు ఒక డబ్బా తీసి చూపించింది. దాని మీది బొమ్మలో బూడిదరంగు ముద్ద. "సిమెంటులా ఉంది, నువ్వు తింటావా?" అంది చిన్ని. భర్త కూడా నవ్వాడు. చిన్ని అరలో అన్నిటికన్నా ఖరీదైనది ఎంచుకుంది. దాని బొమ్మలో తెల్లటి మాంసపు పీచులు, కాసిని నీళ్ళు, అంతే. "చూడు, మాంసం తప్ప ఇంకేమీ లేదు" అని గర్వంగా చెప్పుకుంది.

కోడలు పనిచేసేది డబ్బాల మీద అంటించే లేబుళ్ళ ప్రెస్సులో. అచ్చయి వచ్చిన కాగితాన్ని నమూనాతో పోల్చి, తప్పులు పట్టడం ఆమె పని. చిన్న అక్షరాలు ఎక్కడున్నా ఆమె కళ్ళు వాటంతటవే అక్కడికి పోతాయి. మూడు వారాల కిందట చెత్తబుట్టలో పడేస్తున్న ఖాళీ డబ్బా వెనక ఒక వరుస కనిపించింది. చదివింది. డబ్బా పట్టుకుని గబగబా హాల్లోకి వెళ్ళింది. అప్పుడు చిన్ని ఫోన్లో ఎవరితోనో, "మా వదినకి కుక్కని చూసినా కుళ్ళే!" అని నవ్వుతోంది. కోడలు అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది. డబ్బాని బుట్టలో పడేసింది. ఆ తర్వాత రోజూ మూత ఊడిన చప్పుడు వినిపిస్తే, మీకు తెలియనిది నాకు తెలుసు అనుకుని లోలోపల ఒక చేదు తృప్తి పడేది.

"మాట్లాడవేం?" చిన్ని గొంతు పెరిగింది. "చెయ్యనిదానివైతే చెప్పు!"

"చెప్తాను."

కోడలు చెత్తబుట్టలో చెయ్యి పెట్టి నిన్నటి డబ్బా తీసింది. కుళాయి కింద కడిగి చిన్ని ముందు ఠపీమని పెట్టింది.

"వెనక అడుగున చిన్న అక్షరాలున్నాయి. పైకి చదువు."

"ఇప్పుడిదెందుకు?"

"చదువు!"

ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు. చిన్ని డబ్బా అందుకుంది. "ఇది... సంపూర్ణ ఆహారం కాదు. అసలు ఆహారానికి తోడుగా మాత్రమే..."

"తోడుగా పెట్టేదాన్ని మూడు పూటలా పెట్టావు. వట్టి మాంసంలో ఎముకకి పనికొచ్చేది ఏముంది? నువ్వు సిమెంటన్నావే, దాని వెనక కాల్షియం దగ్గర్నుంచి ఎన్నో రాసి ఉన్నాయి. ఎదిగే కుక్కపిల్లలకి సంపూర్ణ ఆహారం అని కూడా ఉంది. నేను తన్నానా? మూడు వారాలుగా చూస్తున్నా, రోజూ అదే డబ్బా విప్పి..."

అక్కడ ఆమె నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"మూడు వారాలా?" అంది చిన్ని.

అత్తగారు ఒక్కడుగు ముందుకేసింది. "తెలిసే నోరు మూసుకున్నావా? నోరులేని జీవం మీదా నీ కోపం?"

"గిన్నె జోలికి రావద్దన్నారుగా, అత్తయ్యా."

అన్నాక ఆ మాట తన చెవులకే ఎలాగో వినిపించింది. ప్రెస్సులో తప్పు కనబడితే ముందు మిషను ఆపేస్తారు. తప్పు ఎవరిదో ఆ తర్వాతే అడుగుతారు. ఆరేళ్ళుగా అలాగే ఆపుతోంది ఆమె. ఇంట్లో మాత్రం, తప్పు ఎవరిదో చూసుకుని ఊరుకుంది.

చిన్ని తువ్వాలు తెచ్చి పిల్లని అందులో చుట్టి ఎత్తుకుంది. కోడలు చెప్పులేసుకుని వెనకాలే బయల్దేరింది. రావద్దని చిన్ని అనలేదు, రమ్మనీ అనలేదు.

పశువుల డాక్టరు ఎక్స్‌రే బల్బుకెదురుగా పట్టుకుని చూశాడు. "ఎవరూ తన్నలేదమ్మా. ఎముకలు పలచబడ్డాయి. ఇక్కడ సన్నగా చీలింది కూడా. ఏం పెడుతున్నారు?"

చిన్ని వెంట తెచ్చిన డబ్బా చూపించింది.

"అదే సంగతి. ముందున్న బొమ్మా, ధరా చూసి కొనకండి. వెనక సంపూర్ణ ఆహారమని ఉందా, ఏ వయసు పిల్లకో రాశారా, ముందు అవి చూడాలి. భయం లేదు, తిండి మారిస్తే కోలుకుంటుంది. పరుగెత్తనివ్వకండి. ఇంకో నెల ఆగి ఉంటే మాత్రం కాళ్ళు వంకరపోయేవి." అతను డబ్బా తిప్పి చూశాడు. "ఇంత చిన్న అక్షరాలు ఎవరు పట్టుకున్నారు?"

కోడలు నేల చూపులు చూసింది. చిన్ని ఇప్పుడు అంతా చెప్పేస్తుంది, అనుకుంది.

"మా వదిన," అంది చిన్ని. అంతవరకే అంది.

"మంచి పని చేశావమ్మా. వేళకి చూశావు."

ఆ మెచ్చుకోలు కోడలికి చెంపదెబ్బలా తగిలింది.

"వేళకి కాదు డాక్టరుగారూ. మూడు వారాల కిందటే చూశాను. కోపంతో చెప్పలేదు."

డాక్టరు మందుల చీటీ రాసి ఇచ్చాడు.

బయట మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నీ మీద నాకింకా కోపంగానే ఉంది వదినా," అంది చిన్ని ముక్కు తుడుచుకుంటూ.

"ఉండనీ. నాకూ ఉంది."

"నా మీదా?"

"ఇద్దరి మీదా."

చిన్ని ఏడుపులోనే ఫక్కున నవ్వింది. తర్వాత మళ్ళీ ఏడ్చింది. "చేతులు లాగేస్తున్నాయి. కాసేపు నువ్వు పట్టుకో" అంటూ తువ్వాలుతో సహా పిల్లని వదిన ఒళ్ళో పెట్టింది.

మూడు నెలల్లో కోడలు దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. అది ఆమె మోచేతి సందులో ముక్కు దూర్చి కళ్ళు మూసుకుంది. ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు.