నల్లరేగడిలో ఆర్కిడ్

జాహ్నవి మేడ మీది వాటాలో దిగిన రోజే తేజకి చీవాట్లు పడ్డాయి. తప్పేం చేశాడు పాపం? ఇంటి ఓనరు కొడుకుగా మర్యాదకి ఆటోలోంచి సామాను దించుతూ, ఆమె ఒళ్ళో ఉన్న పూలకుండీని కూడా అందుకోబోయాడు.

"ఆకు పట్టుకుని లాగుతారేందండీ? కుండీ పట్టుకోవాలి."

"కుండీయే పట్టుకున్నానండీ. ఆకు దానంతటదే చేతికి తగిలింది."

"అయినా మీరు వదిలేయండి. మంచం, బీరువా చూసుకోండి చాలు."

తేజకి మండింది. మండదూ మరి? అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, నరసరావుపేటలో మార్కెట్ యార్డు దారిలో పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు. రొంపిచెర్ల నుంచీ రాజుపాలెం నుంచీ రైతులు తెగులు పట్టిన ఆకొకటి తెంపి జేబులో పెట్టుకుని అతని దగ్గరికే వస్తారు. ఆకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇది నల్లి, ఇది తామర పురుగు అని చెప్పి మందు చేతిలో పెడతాడు. అలాంటివాడికి ఆకు పట్టుకోవడం రాదనేసింది, నిన్నగాక మొన్న బ్యాంకులో చేరిన గురజాల పిల్ల.

ఆ కోపం సరిగ్గా రెండ్రోజులుంది. మూడోనాటి సాయంత్రం జల్లు కొడుతుంటే, ఆమె ఇంకా బ్యాంకు నుంచి రాలేదని గుర్తొచ్చి, మేడెక్కి వరండాలో తడుస్తున్న ఆ కుండీని లోపలికి జరిపాడు. దిగి వస్తుంటే మెట్ల మీద ఎదురుపడింది, నెత్తిన చున్నీ కప్పుకుని, మొహమంతా వాననీళ్ళతో.

"నా మొక్క..." అంది రొప్పుతూ.

"లోపల పెట్టాను. కుండీ పట్టుకునే."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో తేజ కోపం వానలో కొట్టుకుపోయింది, మళ్ళీ కనపడలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆమె అతన్ని "మిరప డాక్టరు గారూ" అని ఏడిపించేది. అతను ఆమె మొక్కకి "మహారాణి" అని పేరు పెట్టాడు. మట్టి లేకుండా బెరడు ముక్కల్లో కూర్చుని, వేళ్ళు గాలిలోకి చాపుకుని, వారానికొక్కసారి నీళ్ళు తాగే మొక్కని ఇంకేమనాలి? అది ఆర్కిడ్ అనీ, పూస్తే సీతాకోకచిలుకల్లాంటి పూలు రెండేసి నెలలు వాడకుండా ఉంటాయనీ ఆమె చెప్పింది. పూసినప్పుడు చూద్దురుగానిలే అంది.

అంతలో ఆమెకి హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగ్ పడింది.

"అయిపోయిన రోజే ఆప్షన్ ఫారం ఇస్తారట. కావాల్సిన ఊరు రాసుకోవచ్చు."

"మీరేం రాస్తారు?"

"ఏమో. ఏం రాయమంటారు?"

ఈ ఊరే రాయండి అనడానికి నోరు తెరిచాడు తేజ. అదే నోటితో, "మీ ఇష్టం" అన్నాడు.

ఆమె ఆర్కిడ్ కుండీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి. వారానికి ఒక్కసారే నీళ్ళు. ఇంకేం చేయొద్దు. రోజూ ఒక ఫొటో పెట్టండి."

కింద హాల్లో, కిటికీ పక్కన, రోజుకో కాగితం చించే క్యాలెండరు కింద బల్ల మీద పెట్టాడు మహారాణిని. పదకొండో తారీఖున మాచర్లలో డీలర్ల మీటింగుంది. రెండ్రోజులు ఊళ్ళో ఉండడు కాబట్టి, ఫొటో ఎక్కడ తప్పిపోతుందోనని బయల్దేరే ముందు ఓ పాతిక ఫొటోలు తీసి పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి ఆర్కిడ్ నల్లమట్టిలో ఉంది.

"ఎవరు చేశారు నాయనమ్మా ఇది?"

"నేనే," అంది అలివేలమ్మ తృప్తిగా. "ఆ పిల్లకి పాపం మట్టి దొరకలా కామోసు, చెక్కముక్కల్లో గుచ్చి పెట్టింది. పల్లెలో ఉన్న మీ నాన్నకి ఫోన్ చేసి మన చేలో నల్లరేగడి బస్తాలో పంపమన్నా. గుప్పెడు పశువుల ఎరువు కలిపి గట్టిగా అదిమి, చెంబుడు నీళ్ళు పోశా. ఇందులో ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తది."

మొత్తుకోవాల్సిందే. కానీ తేజ కూడా ఆ మట్టిలోంచి మొలిచినవాడే. పత్తీ మిరపా విరగకాసే నేల, ఈ పిడికెడు మొక్కకి పనికిరాకుండా పోతుందా అనుకున్నాడు. నాలుగు కొత్త ఆకులేస్తే జాహ్నవే మెచ్చుకుంటుందిలే అనుకుని, అప్పటిదాకా గుట్టుగా ఉంచుదామని పాత ఫొటోల్లోంచి ఒకటి పంపాడు.

నాలుగో రోజుకి ఆకులు వాలి ముడతలు పడ్డాయి. దాహమేస్తున్నట్టుందని నీళ్ళు పోశాడు. ఇంకా వాలితే ఇంకా పోశాడు. పసుపు రంగుకి తిరిగితే నత్రజని తక్కువైందని చిటికెడు యూరియా వేశాడు. నల్లమచ్చలొస్తే తెగులు మందు కొట్టాడు. మూడు మండలాల మిరపకి పనిచేసిన వైద్యమంతా చేసేసరికి, ఐదాకుల్లో రెండు రాలిపోయాయి.

రోజూ సాయంత్రం జాహ్నవికి మాత్రం పచ్చటి ఫొటో వెళ్తూనే ఉంది. "బాగుంది" అని జవాబొచ్చేది. ఆ ఒక్క మాట చూసినప్పుడల్లా అతనికి అన్నం సహించేది కాదు. ఇంత నమ్మినమ్మాయికి తను చేస్తున్నదేమిటి?

ట్రైనింగ్ ఇంకో రోజులో ముగుస్తుందనగా గురువారం పొద్దున, రాలిన ఆకొకటి జేబులో పెట్టుకుని, చిలకలూరిపేట రోడ్డులో నర్సరీ నడిపే ఇమాం సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన నలభై ఏళ్ళుగా గులాబీలు అంటుకడుతున్న మనిషి.

ఆయన ఆకుని చూడనైనా చూడలేదు. "ఆకు తెచ్చావేంది తేజా? మొక్కేదీ?"

"ఇంట్లో ఉంది బాబాయ్."

"నీ కొట్టుకొచ్చే రైతులు చేసేదే నువ్వూ చేశావు. ఎళ్ళి మొక్కని తీసుకురా."

తెచ్చాడు. ఇమాం సాహెబ్ కుండీని బోర్లించి తట్టాడు. మట్టిగడ్డ ఊడి పడగానే గుప్పున కుళ్ళు కంపు కొట్టింది. ఆయన మొక్క వేళ్ళని పంపు కింద కడిగి, ఒక్కోటీ చేతివేళ్ళ మధ్య నొక్కి చూపించాడు. నల్లబడ్డవి మెత్తగా నలిగిపోతున్నాయి.

"చూశావా? ఈ జాతి అడవిలో చెట్టు బెరడుని పట్టుకుని బతుకుద్ది. దీని వేళ్ళకి గాలాడాల. నువ్వేమో ముక్కూ నోరూ మూసి రోజూ నీళ్ళు పోశావు. వేళ్ళు కుళ్ళినాక నీళ్ళు తాగేదెట్టా? ఆకు ఎండింది దాహంతోనే. నీళ్ళలో నిలబడి దాహంతో చస్తా ఉంది."

కత్తెరని స్పిరిట్‌తో తుడిచి తేజ చేతికిచ్చాడు. "మెత్తగున్నయ్యన్నీ కోసెయ్. గట్టిగున్నదాన్ని ముట్టుకోమాక."

తేజ ఒక్కోటీ కోయసాగాడు. కోసిన కొద్దీ కోయాల్సినవే కనపడ్డాయి. చివరికి రెండు వేళ్ళు మిగిలాయి, గట్టిగా, లేత పచ్చగా. కుళ్ళు మళ్ళీ పట్టకుండా కోసిన చోట్ల మాత్రం దాల్చినచెక్క పొడి అద్దించాడు ఇమాం సాహెబ్, మంచి వేరుకి తగిలితే ఎండిపోద్దన్నాడు. ఒక పూట నీడలో ఆరనిచ్చి, చుట్టూ చిల్లులున్న మట్టికుండీలో బొగ్గుముక్కలూ కొబ్బరిపీచు ముక్కలూ వేసి నిలబెట్టించాడు.

"మూడు రోజులు నీళ్ళు పోయమాక."

"బతుకుద్దా బాబాయ్?"

"రెండు వేళ్ళున్నయ్. బతకాలనుకుంటే చాలు. ఆ అమ్మాయికి చెప్పావా?"

"ఇంకా లేదు బాబాయ్."

"మొక్కకి చేయాల్సింది చేశాం. చెప్పటం మటుకు నువ్వే చేయాల."

ఆ రోజంతా రాయడం, చెరిపేయడం. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి కళ్ళు మూసుకుని పంపేశాడు. మూడాకులతో, రెండు వేళ్ళతో ఉన్న మహారాణి అసలు ఫొటో, దాని కింద నల్లరేగడి, నీళ్ళు, యూరియా, పాత ఫొటోలు, ఒక్కటీ దాచకుండా. చివర ఇంకో ముక్క: 'ఆ రోజు మీ ఇష్టం అన్నాను. నాకూ ఒక ఇష్టం ఉంది. మీరిక్కడే ఉండాలి. మీరంటే నాకు చానా ఇష్టం. ఇది ముందే చెప్పాల్సింది.'

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. నాలుగైంది, ఐదైంది.

"తేజా," అన్నాడు కొట్టులో నిలబడ్డ రైతు ఏసోబు ఓపిగ్గా, "నేనడిగింది పత్తి మందు. నువ్విచ్చింది వరిది."

శనివారం పొద్దున సన్నగా తుంపర పడుతుంటే ఇంటి ముందు ఆటో ఆగింది. ట్రైనింగ్ నుంచి గురజాల వెళ్తానన్న జాహ్నవి, బ్యాగు గుమ్మంలో పడేసి, అతనికేసైనా చూడకుండా కిటికీ దగ్గరికి నడిచింది. వంగి, మిగిలిన రెండు వేళ్ళనీ వేలితో నొక్కి చూసింది.

"ఎవరు కోశారు?"

"నేనే. ఇమాం బాబాయ్ చెప్తా ఉంటే."

"పొడి కోసిన చోటే పూశారా, వేరంతా పూశారా?"

"కోసిన చోటే."

"అయితే బతుకుద్ది."

హమ్మయ్యనుకుని తేజ గడప మీద కూర్చున్నాడు.

"పాత ఫొటోలని నాకు ఎప్పుడో తెలుసు," అంది ఆమె.

"ఎట్టా?"

ఆమె గోడ మీది క్యాలెండరు చూపించింది. "పద్దెనిమిది రోజులు మీ ఇంట్లో పదకొండో తారీఖే నడిచింది."

తేజ మొహం కందగడ్డయింది. "మరి అడగలేదేం?"

"అడిగితే ఎవరైనా చెప్తారు. మీ అంతట మీరు చెప్తారా లేదా అని చూశా. నిన్న నాలుగింటికి ఫారం ఇవ్వాలి. మూడున్నర దాకా ఖాళీగానే పెట్టుకుని కూర్చున్నా."

"ఏం రాశారు?"

"నరసరావుపేట. ఊరు రాసే మూడు గళ్ళలోనూ అదే."

"ఆ మాట నిన్నే చెప్పొచ్చుగా."

"నేను పద్దెనిమిది రోజులు ఎదురుచూశా. మీరొక్క రోజు చూస్తే అరిగిపోరు."

తలుపు చాటునుంచి అలివేలమ్మ ఇవతలికొచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "వాణ్ణేమనమాకమ్మా. తప్పు నాది. మట్టి లేకుండా ఎట్టా బతుకుద్దని..."

"మా ఇంట్లో ఇది మూడోది నాయనమ్మగారూ," అంది జాహ్నవి ఆమె చెయ్యి పట్టుకుని. "మొదటిదాన్ని నేనూ మట్టిలోనే పెట్టా. రెండోదానికి రోజూ నీళ్ళు పోసి చంపా. మీ మనవడే నయం, కోసి బతికించారు."

అలివేలమ్మ కళ్ళు తుడుచుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పంటని చూడగానే కాపు అంచనా కట్టే మనిషి ఆమె. "అమ్మాయ్, మీ నాన్న ఫోన్ నంబరివ్వు."

"ఎందుకండీ?"

"ఏం లేదు. గురజాల్లో మట్టెట్టుంటదో కనుక్కుందామని."

జాహ్నవి బుగ్గలు ఎర్రబడ్డాయి. నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పింది. అలివేలమ్మ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాక, ఆమె తేజ వైపు తిరిగింది.

"ఇవాళ్టి ఫొటో ఇంకా రాలేదు."

తేజ ఫోను తీశాడు. తెరలో మూడాకుల మహారాణి, పక్కన ప్రయాణానికి చెదిరిన జుట్టుతో జాహ్నవి.

"కొంచెం పక్కకి జరుగు జాహ్నవీ," అన్నాడు. "తారీఖు కనపడటం లేదు."