మూడో చరణానికి వంత

మేకను కోసేసరికి పొద్దు నడినెత్తి దాటింది. హెడ్లీ ఇంటి వాకిట్లో చేరిన నెత్తురు మీద ఐసిల్డా అత్త బూడిద చల్లింది. తలకాయా పేగులూ పెద్ద గిన్నెలోకి వెళ్ళాయి, రాత్రికి సూపు. ఆడవాళ్ళు పచ్చి అరటికాయలు ఒలుస్తున్నారు. గుడారం కింద మగవాళ్ళు డామినో బిళ్ళల్ని బల్లకేసి కొడుతున్నారు. హెడ్లీ పోయాక ఇది తొమ్మిదో రాత్రి. ఈ రాత్రి పాడి, తాగి, తినిపించి సాగనంపితే పోయినవాడు పోతాడు. లేకపోతే ఇక్కడే ఉంటాడు. కింగ్‌స్టన్‌లో ఆ సందులో ఈ మాట నమ్మనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా ఈ రాత్రి ఒంటరిగా పడుకోరు.

రోలన్ గోడకానుకుని సందు అవతలి స్టూడియో వంక చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళు హెడ్లీ వెనక వంత పాడినవాడు. రికార్డుల మీద హెడ్లీ పేరు పెద్దక్షరాల్లో ఉండేది, రోలన్ పేరు ఉండేదే కాదు. పొట్ట గడవడానికి ఉత్తరపు ఒడ్డున ఒక హోటల్లో పూలచొక్కా తొడుక్కుని తెల్లదొరలకి పాడేవాడు. మొన్న అదీ పోయింది. గొంతు బాగుంది గానీ ముందు నిలబడే గొంతు కాదన్నాడు మేనేజరు. ఆ మాట రోలన్‌కి చేపముల్లులా అడ్డంపడి, మింగుడూ పడలేదు, బయటకీ రాలేదు.

ఇప్పుడు ఎవరాల్డ్ పిలిచాడు. స్టూడియో ఎవరాల్డ్‌దే. హెడ్లీ తన ఆఖరి పాటలో రెండు చరణాలు పాడి, పాడే గదిలోనే, మైకు ముందే చచ్చిపోయాడు. ఎవరో గొంతు కోశారు. తాను సిగరెట్లకి వెళ్ళాననీ, తిరిగొచ్చేసరికి అంతా అయిపోయిందనీ ఎవరాల్డ్ పోలీసులకి చెప్పాడు. దొంగల పని అన్నారు. ఏ వస్తువూ పోలేదు. అయినా పాటగాడి చావుకి పోలీసులు అంతకన్నా ఎక్కువ ఎండలో తిరగరు.

మూడో చరణం రోలన్ పాడాలి. రికార్డు మీద హెడ్లీ పేరు పక్కనే అతని పేరు, అంత పెద్దక్షరాల్లోనూ. పొద్దు వాలితే వాకిట్లో డప్పులు మొదలవుతాయి కాబట్టి ఇప్పుడే పాడెయ్యాలి.

అతను సందు దాటుతుంటే ఐసిల్డా అత్త చేతులు కొంగుకి తుడుచుకుంటూ, చంకలో తెల్ల రమ్ము సీసాతో వెంట వచ్చింది. తల్లి లేని హెడ్లీని పెంచింది ఆవిడే.

స్టూడియోలో ఎవరాల్డ్ బల్ల దగ్గర కూర్చుని టేపు చుట్ట ఎక్కిస్తున్నాడు. భారీ మనిషి. చిన్నప్పుడెప్పుడో ముక్కు విరిగింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ ముక్కు సన్నగా ఈల వేస్తుంది. అందుకే రికార్డింగప్పుడు అతన్ని పాడే గది గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. నీ ముక్కు కూడా పాటలో పడితే దానికీ వాటా ఇవ్వాలి కదా అని హెడ్లీ ఏడిపించేవాడు. ఎవరాల్డ్‌కి మాత్రం ఆ ఈల ఏనాడూ వినబడలేదు. అందరూ కలిసి కల్పించారనుకునేవాడు.

అత్త గడపలోనే ఆగింది. హెడ్లీ మంచం తిప్పేశాననీ, పరుపు తిరగేశాననీ, అద్దాన్ని గోడకేసి పెట్టాననీ చెప్పింది. మరి వాడు ప్రాణం వదిలిన గదిలో ఏం కదిపావని అడిగింది.

"తివాచీ మార్చాను," అన్నాడు ఎవరాల్డ్.

"మైకో?"

"మైకు కదపను అత్తా. వేలెడు జరిపినా ఆ శబ్దం మళ్ళీ రాదు. ఎన్ని నెలలు వెతికితే దొరికిన చోటో నీకేం తెలుసు."

"వాడి చోటు వాడికి ఆనవాలు తెలియకుండా చెయ్యాలిరా. నువ్వు అలాగే ఉంచావంటే ఇక వాడు వెతుక్కోనక్కర్లేదు."

ఎవరాల్డ్ నవ్వాడు. ముక్కు ఈల వేసింది. అత్త గడప మీద రమ్ము చిలకరించి, తడివేలు రోలన్ గొంతు మీద అద్ది వెళ్ళిపోయింది.

పాడే గదికి కిటికీ లేదు. గోడల నిండా పాత పరుపుల కొబ్బరిపీచు దట్టించి, పైన గోనె కొట్టారు. బయట మండుటెండ. లోపల నూతిలో దిగినట్టు చీకటి. మైకు మీద వేలాడే చిన్న దీపం, ఎదురుగా ఎవరాల్డ్ కనిపించే మందపాటి అద్దం, అంతే వెలుగు. తలుపు దానంతటదే మూసుకునేంత బరువు. లోపలా బయటా ఇనుప గడియలు. కొత్త తివాచీ జిగురు వాసన వేస్తోంది. దాని అడుగున ఇంకో వాసన... తుప్పు పట్టిన రేకు నోట్లో పెట్టుకున్నట్టు.

నేల మీద ఎర్ర టేపుతో అతికించిన రెండు పాదాల గుర్తులు. ఎవరాల్డ్‌కి అదో చాదస్తం. పాడేవాడి కాళ్ళు ఎక్కడుండాలో గుర్తు పెట్టనిదే పని మొదలెట్టడు. ఇవి హెడ్లీ పాదాలవి. తివాచీ మార్చినా కొలిచి మళ్ళీ అక్కడే అతికించాడు.

రోలన్ వాటిలో కాళ్ళు పెట్టాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

పాట మొదలైంది. చెవుల మధ్య హెడ్లీ పాడుతున్నాడు. వంత పాడేవాడు మాటలు వినడు. ముందువాడి ఊపిరి వింటాడు. హెడ్లీ ప్రతి వరసకీ ముందు చిన్నగా ఊపిరి లాగేవాడు. అది వినబడగానే రోలన్ నోరు దానంతటదే తెరుచుకునేది. పైస్థాయికి వెళ్ళేముందు మాత్రం నిండా లాగి వెనక్కి వాలేవాడు. అప్పుడు రోలన్ ముందుకి వంగేవాడు. ఒక్క మైకుతో ఇద్దరు బతకాలంటే అంతే మరి.

మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఆఖరి మాట సాగి, ఆగింది.

దాని వెనకే ఏదో వినబడింది.

సన్నటి ఈల. ముక్కు ఈల. మైకుకి జానెడు దూరంలో.

ఆ తర్వాత హెడ్లీ గొంతు లేదు. అక్కడి నుంచి చెరిపేశారు. డోలూ గిటారూ మాత్రం నడుస్తున్నాయి. రోలన్ తలెత్తి అద్దంలోంచి చూశాడు. ఎవరాల్డ్ తల ఊపుతున్నాడు, పాడమని. సిగరెట్లకి వెళ్ళిన మనిషి. తనకు వినబడని దాన్ని చెరపాలని వాడికెలా తెలుస్తుంది?

మూడో చరణం వచ్చేసింది. రోలన్ పాడలేననుకున్నాడు.

చెవిలో ఎవరో చిన్నగా ఊపిరి లాగారు.

ఇరవై ఏళ్ళ అలవాటు. నోరు తెరుచుకుంది. పాడేశాడు. ముందు గొంతుతో కాదు, వంత గొంతుతో, కింది స్థాయిలో. వరస వరసకీ ఊపిరి అందుతూనే ఉంది... పాడుతూనే ఉన్నాడు. ఏ మాటలు పాడుతున్నాడో తనకే తెలియదు.

పాట ఆగింది. అద్దం అవతల ఎవరాల్డ్ చెయ్యి మీట మీదే బిగుసుకుపోయింది.

"వాడిలా ఎందుకు పాడావు?" హెడ్‌ఫోన్లలో గొణిగాడు ఎవరాల్డ్.

"నేను వంత పాడానంతే అన్నా."

ఎవరాల్డ్ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. రోలన్ గొంతు కింద ఉంది. పైన హెడ్లీ ఉన్నాడు. ఆ పాటలో లేని మాటలు పాడుతున్నాడు... వెనక నుంచి జుట్టు పట్టినవాడా, నా పాట పక్కవీధి స్టూడియోకి పోతోందనా, టేపు కోసే బ్లేడుతో నన్ను కోశావు.

రోలన్ నోరు మూసుకుని ఉండాల్సింది. దొంగకి తేలు కుట్టినప్పుడు పక్కవాడు అరవకూడదు. కానీ భయం మనిషి చేత నిజం చెప్పిస్తుంది.

"నువ్వు లోపలే ఉన్నావు అన్నా," అన్నాడు మెల్లగా. "రెండో చరణం చివర నీ ముక్కు ఉంది."

ఎవరాల్డ్ చెయ్యి ముక్కు మీదకి వెళ్ళింది.  తర్వాత స్పీకర్ల మీటలన్నీ కిందికి లాగాడు. బల్ల మీది బ్లేడు తీసుకున్నాడు. దీపం ఆరింది.

తలుపు తెరుచుకోవడం వినబడలేదు. ఈల వినబడింది. ఎడమ పక్క... వెనక... వేళ్ళు రోలన్ జుట్టులోకి దిగి గుంజాయి. మెడ వెనక్కి విరిగింది. గొంతు మీద అత్త అద్దిన రమ్ము చల్లగా తగిలింది.

హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఇంకా వేలాడుతున్నాయి. టేపు ఆగిపోయి ఉంది. ఆ చెవిలో... నిండా లాగిన ఊపిరి. పైస్థాయి ఊపిరి.

రోలన్ ముందుకి వంగాడు. ఆలోచించలేదు, ఒళ్ళు వంగింది. గుప్పెడు జుట్టు ఎవరాల్డ్ చేతిలోనే ఉండిపోయింది. గొంతుకి రావలసిన బ్లేడు చెవిని సగానికి చీల్చి దవడ ఎముక దాకా దిగింది. వెచ్చటి నెత్తురు చొక్కాలోకి కారింది. మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఏదో మెత్తగా నలిగింది. నేలమీద పాకుతూ వెలుతురు గీత వైపు పోయి, ఇంకా మూసుకుంటున్న తలుపు సందులోంచి బయటపడ్డాడు. తలుపు దభాలున మూసుకుంది.

లోపలి గడియ పడింది. రోలన్ బల్ల పట్టుకుని లేచి అద్దంలోంచి చూశాడు. ఎవరాల్డ్ మైకు దగ్గరే ఉన్నాడు. గడియ దగ్గర ఎవరూ లేరు.

దీపం వెలిగింది.

ఎవరాల్డ్ అద్దాన్ని రెండు చేతులా బాదాడు. చప్పుడు లేదు. నోరు పెద్దగా తెరిచాడు. చప్పుడు లేదు. అప్పుడు అతని తల వెనక్కి ఎగిరింది, ఎవరో జుట్టు పట్టి లాగినట్టు. ఆ బరువైన మనిషి మడమల మీద ఈడ్చుకుపోయాడు. కాళ్ళు సరిగ్గా ఎర్ర టేపు గుర్తుల్లోకి వెళ్ళి ఆగాయి. బ్లేడున్న చెయ్యి పైకి లేస్తోంది. రెండో చెయ్యి దాన్ని ఆపబోయి, మణికట్టుని పట్టుకుని వేలాడింది. వేళ్ళు జారి ఒక్కొక్కటే వదిలాయి. బ్లేడు తొందరపడలేదు. ఈ చెవి కింద మొదలెట్టి ఆ చెవి దాకా, టేపు కోసినంత తిన్నగా వెళ్ళింది. అద్దం ఎర్రబడింది.

బల్ల మీద శబ్దం చూపే ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకుంటోంది. ఒక్క మీట పైకి తోస్తే రోలన్‌కి లోపలిదంతా వినబడేది. వేలు దాని మీదే ఉంది.

తొయ్యలేదు.

ఎవరాల్డ్ కుప్పకూలాడు. ముల్లు మాత్రం చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది, ఒక చరణం పాడటానికి పట్టేంతసేపు.

మేకను కొట్టిన గొడ్డలితోనే మగవాళ్ళు తలుపు పగలగొట్టారు. తనే కోసుకున్నాడని పోలీసులు రాసుకుపోయారు. శవం వెళ్ళగానే అత్త దగ్గరుండి గది మొత్తం తిప్పించింది. మైకు పీకించింది. ఎర్ర టేపుని గోళ్ళతో గీకించింది. రాత్రంతా పాడారు, రోలన్ చెవికి గుడ్డ కట్టుకుని పాడాడు. తెల్లవారుజామున అత్త చెట్ల వైపు చూసి, హెడ్లీ వెళ్ళాడు అంది. ఎవరాల్డ్‌కి నా అన్నవాళ్ళు లేరు. వాడికి తొమ్మిదో రాత్రి ఎవరూ చెయ్యలేదు.

ఆ మైకుని సముద్రంలో పారెయ్యమని అత్త రోలన్‌కి ఇచ్చింది. సరేనన్నాడు.

టేపు మీద మూడో చరణంలో ఇప్పుడు హెడ్లీ లేడు. రోలన్ ఒక్కడే ఉన్నాడు, పాట మాటలే పాడుతూ, నిండు గొంతుతో. ఆ పాట ఊళ్ళో ప్రతి బస్సులోనూ మోగింది. హోటల్ మేనేజరు కారు పంపించాడు. ఈసారి ముందు నిలబడటానికే.

రోలన్ మైకు పారెయ్యలేదు. దానిలో పలికినట్టు అతని గొంతు వేరే దేనిలోనూ పలకదు మరి.

మొదటి సాయంత్రం, ఎండ ఇంకా ఇసక మీద ఉండగానే, అతను ఆ మైకుతోనే హోటల్ వేదిక ఎక్కాడు. మైకు కింద చెక్క నేల మీద ఎర్ర టేపుతో రెండు పాదాల గుర్తులు. ఎవరు పెట్టారని అడిగాడు. ఎవరికీ తెలియదు. తనే గీకేశాడు. మర్నాడు మళ్ళీ ఉన్నాయి. పక్కన కాలు పెట్టి చూస్తే గొంతు పీలగా, వంతగాడి గొంతులా వచ్చింది. జనం తలలు తిప్పుకుని తమలో తాము మాట్లాడుకోవడం మొదలెట్టారు. మేనేజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

రోలన్ గుర్తుల్లోకి జరిగాడు. పాదాలకి కొలిచినట్టు సరిపోయాయి. వెనక డోలు మొదలైంది. అతను కళ్ళు మూసుకుని, నోరు తెరవకుండా, హెడ్లీ ఊపిరి కోసం ఎదురుచూశాడు.

తెగిన చెవికి జానెడు దూరంలో, సన్నగా ఈల వేస్తూ, ఊపిరి వచ్చింది.

నోరు దానంతటదే తెరుచుకుంది.