నాడి షావుకారు కూతురు

బకెట్లో నీళ్ళు గులాబిరంగులో ఉన్నాయి. పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చిన పాపాయి, బ్రష్షు నోట్లోనే ఉంచుకుని అక్కడే నిలబడిపోయింది. ముందురోజు సాయంత్రం అందులో తను నానబెట్టింది కొత్తగా కుట్టిన గౌను ఒక్కటే. తెల్ల గుడ్డ, మెడ చుట్టూ ఎర్రపట్టీ. ఇప్పుడు తెల్లది తెల్లగా లేదు, ఎర్రది ఎర్రగా లేదు. గౌనుని పిండి, దులిపి, టేపు పెట్టి కొలిచింది. పొడుగులో బొటనవేలంత తగ్గింది. గంజి అంతా వదిలిపోయి, లోపల పెట్టిన చెయ్యి బయటికి కనపడేంత పల్చబడి, జ్వరం తగ్గిన మనిషిలా నీరసంగా వేలాడింది.

ఈ పరీక్ష ఊరికే పెట్టలేదు. ఎప్పుడూ తన దగ్గరే కొనే ఒక తల్లి ముందురోజు, ఈమధ్యే కొన్న గౌనొకటి తెచ్చి చూపించింది. ఒక్క ఉతుక్కే అందులో పిల్ల తల దూరడం లేదట. "మీ బట్టలైతే కళ్ళు మూసుకుని కొంటానమ్మా. ఈసారి ఏమైంది?" అని మెల్లగా అడిగింది. కోప్పడి ఉంటే పాపాయికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

ముప్పై దాటి, ఒక పిల్లకి తల్లైనా ఇంట్లో ఆమె ఇంకా పాపాయే. పిల్లల బట్టలు కుట్టే మేడమీదికి వచ్చి "పాపాయి ఉందా?" అని ఎవరైనా అడిగితే, కొత్తగా వచ్చినవాళ్ళు ఉయ్యాల కోసం వెతుక్కుంటారు. కింద వీధివైపు నాన్న గుడ్డల కొట్టు, దాని వెనక వంటిల్లు. మేడమీద పొడవాటి గదిలో ఆమె మిషన్లు, కత్తిరింపు బల్ల. కూతురి ఒంటికి బజారు బట్టల కుట్లు గీరుకుని దద్దుర్లు లేస్తుంటే, కుట్లు బయటికి వచ్చేలా ఒక జుబ్బా కుట్టడంతో మొదలైంది ఈ వ్యాపారం. కుట్టు ఆమెది, గుడ్డ నాన్నది. మొదటినుంచీ అదే ఏర్పాటు.

నాన్నని బజారంతా నాడి షావుకారు అంటారు. ఆయనకి గుడ్డ తాను విప్పి పరవనక్కర్లేదు. అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వైద్యుడు నాడి చూసినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే చాలు. పోగు ఎంత సన్ననిదో, గంజి ఎంత దట్టించారో, ఉతికితే ఏ గతి పడుతుందో చెప్పేసేవాడు. అలాంటి మనిషి తెచ్చిన గుడ్డ ఇలా అయింది. అదే పాపాయికి మింగుడుపడటం లేదు.

తడి గౌను పట్టుకుని మేడ ఎక్కింది. మొదట్నుంచీ తనతో పనిచేస్తున్న మిషనక్క అప్పటికే వచ్చి మిషన్‌కి నూనె వేస్తోంది.

"అక్కా, మిషన్లు ఆపు."

"ఆపడమేంటమ్మా? గౌన్లు ఆర్డరిచ్చిన దుకాణం వాళ్ళు వారం చివర్లో వచ్చి కూర్చుంటారు. సగానికి పైగా మెడలు వేసేశాం కూడా."

పాపాయి గౌను బల్లమీద పరిచింది. మిషనక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుక కరుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ ఒక్కసారికి పంపించేద్దామా? కొట్లో వేలాడినంతసేపూ దివ్యంగా ఉంటుంది. ఉతికాక కదా తెలిసేది" అంది.

"చంటిపిల్ల బట్ట ఉతక్కుండా ఎన్ని గంటలుంటుందక్కా? పాలు కక్కితే ఉతకాలి, కక్కకపోయినా ఉతకాలి. ఆ ఎర్రరంగు చెమటకి మెడంతా అంటుకుంటే? పంపను."

"మరి మీ నాన్నగారికి ఎవరు చెబుతారు?"

"ఇంకెవరున్నారు, నేనే."

కింద వంటింట్లో నాన్న బల్ల ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పాపాయి గౌనుని ఆయన ముందు పెట్టింది. ఆయన దానివైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"వేడినీళ్ళు పోసుంటావు" అన్నాడు.

"చన్నీళ్ళే నాన్నా."

"సబ్బు ఘాటుగా ఉండుంటుంది."

"సబ్బే వెయ్యలేదు. పోయినసారి గుడ్డ కూడా ఇంతే. అంతకుముందు నీలం గళ్ళది కూడా తేడాగానే ఉంది. నీకు చెబితే బాధపడతావని నేనే కాస్త వదులుగా కత్తిరించి సర్దుకున్నాను. ఇక సర్దుకోవడం కుదరదు."

"అంటే? నా కొట్టు గుడ్డ నీకు పనికిరాకుండా పోయిందా?"

"ముందు టీ చల్లారిపోతోంది, తాగండి" అంటూ అమ్మ మధ్యలో గిన్నెలు చప్పుడు చేసింది. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా గిన్నెలు తోమడం ఆవిడ అలవాటు. ఈసారి ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

"నాన్నా, ఇకమీదట గుడ్డ నేనే చూసి కొనుక్కుంటాను."

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు పుట్టకముందు నుంచి ఈ చేతుల్లో గుడ్డ నలుగుతోంది. నువ్విప్పుడు నాకు గుడ్డ చూడ్డం నేర్పుతావా? అంత పెద్దదానివైపోతే మేడ కూడా ఖాళీ చేసి, ఇంకో చోట పెట్టుకో నీ దుకాణం!"

"ఏం మాటలండీ అవి!" అమ్మ చేతిలోని గిన్నె జారి సింకులో పడింది.

పాపాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు. మేడమీది నుంచి కుట్టని ముక్కలు రెండు తెచ్చింది. ఒకటి ఈ గుడ్డది, ఒకటి ఎప్పుడో మిగిలిపోయిన పాత మంచి గుడ్డది. రెండూ తెల్లవే. రెండూ ఆయన చేతుల్లో పెట్టింది.

"ఖాళీ చెయ్యమంటే చేస్తాను. కానీ ముందు చెప్పు, ఇందులో ఏది మంచిది?"

"ఇదొక పరీక్షా?" అంటూ ఆయన ముక్కల్ని వేళ్ళ మధ్య నలిపాడు. "రెండూ ఒకటే. ఒకే మిల్లు, ఒకే పోగు. ఊరికే రాద్ధాంతం చేస్తున్నావు. గుడ్డ అంటే ఇలా పట్టులా జారాలి, ఇదిగో ఇలా..."

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పాపాయి మాత్రం ఆయన వేళ్ళకేసి చూస్తోంది. ముక్కకి గుచ్చిన గుండుసూది ఒకటి తియ్యడం మరిచిపోయింది. అది ఆయన చూపుడువేల్లో దిగి ఉంది. తెల్ల గుడ్డమీద రక్తం చుక్క మొదట ఆవగింజంత, తర్వాత బొత్తామంత అయింది. ఆయన దాన్ని అలాగే నలుపుతూ, పట్టు గురించి, పోగు గురించి చెబుతున్నాడు.

"నాన్నా..." అంది పాపాయి.

ఆయన ఆమె చూపు వెంట తన చేతికేసి చూసుకున్నాడు. అది ఎవరి చెయ్యో అన్నట్టు చూశాడు. మాట ఆగిపోయింది.

అమ్మ వచ్చి, సూది లాగి, కొంగుతో వేలు అదిమిపట్టింది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. "వేళ్ళు మొద్దుబారి ఏడాది దాటిందే. చక్కెర జబ్బు వల్లేనన్నాడు డాక్టరు. మందులు వాడుతున్నారు. ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మొన్న వేడి గిన్నె పట్టుకుని బొబ్బలెక్కినా తెలీలేదు."

పాపాయి కుర్చీలో కూలబడింది. పోయిన ఏడాదంతా ఆయన మీద మనసులో వేసుకున్న నిందలు గుర్తొచ్చాయి. చూపు మందగించిందనుకుంది, బద్ధకం అనుకుంది, ఒకసారైతే లాభానికి ఆశపడ్డాడేమోనని కూడా అనుకుంది. ఇది మాత్రం ఊహకి తట్టలేదు.

"మరి గుడ్డ ఎలా తెస్తున్నావు నాన్నా?"

ఆయన తల దించుకుని చెప్పాడు. "టోకు కొట్టువాడు తాను తీసి నా చేతికిస్తాడు. మునుపటిలాగే పట్టుకుంటాను, కళ్ళు మూసుకుంటాను. ఏమీ తెలీదు. కాగితం పట్టుకున్నా అంతే, గుడ్డ పట్టుకున్నా అంతే. వాడు 'బాగుంది కదండీ' అంటాడు. నేను తల ఊపుతాను." ఆయన వేళ్ళు ముడిచి మళ్ళీ విప్పాడు. "చెప్పేస్తే ఇంకేం మిగులుతుందే నాకు? ఉత్త షావుకారునైపోతాను."

పాపాయి లేచి వెళ్ళి ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళని గట్టిగా నొక్కింది. ఆయనకి ఆ నొక్కు తెలియలేదని ఆయన మొహం చూస్తే అర్థమైంది. అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి తనే మొహం తుడుచుకుంది.

"నా దృష్టిలో నువ్వేమీ తక్కువ కావు నాన్నా. కానీ ఆ గౌన్లు మాత్రం పంపను. రేపు పొద్దున ఆ టోకు కొట్టుకి వెళదాం. నువ్వూ రావాలి."

"వాడి ముందు ఈ చేతులతో నిలబడమంటావా? నా వల్ల కాదు" అని ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తలుపు ముందు నిలబడి బతిమాలే తీరిక పాపాయికి లేదు. మేడ ఎక్కి దుకాణం యజమానురాలికి ఫోన్ చేసింది. గుడ్డ పాడైందని దాచకుండా చెప్పింది. అవతల ఆవిడ చడామడా మాట్లాడింది. పాపాయి అంతా విని, "పాడుబట్ట ఇచ్చి మాట నిలబెట్టుకోలేనండీ. సగం సరుకు అనుకున్న రోజుకి ఇస్తాను, మిగతాది ఆ తర్వాతి వారం. మీకు ఇష్టమైతేనే" అంది. అవతలి నుంచి నిట్టూర్పు, ఆపైన "సరే, కానివ్వండి" అన్న మాట వినపడ్డాయి.

"సగం మాత్రం దేంతో కుడతావమ్మా?" అంది మిషనక్క.

పాపాయి తడి ఆరిన గౌనుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గంజి పోయాక అది పల్చగానే ఉంది గానీ, మెత్తగా ఉంది. చెంపకి ఆనించుకుంది. ఎక్కడా గీరుకోలేదు. "పైబట్టకి పనికిరాదు. లోపల అస్తరు వేస్తే? ఎర్రపట్టీలన్నీ విప్పేద్దాం. ముక్కలన్నీ ఒకసారి తడిపి ఆరేద్దాం. కుంచించుకోవాల్సిందేదో ఇప్పుడే కుంచించుకుపోతుంది. రెండేళ్ళ పిల్లకి కత్తిరించింది ఏడాది పిల్లకి సరిపోతుంది. పైకి మాత్రం కొత్త గుడ్డ తేవాలి."

"విప్పడమంటే కుట్టినంత పని!" అని గొణుగుతూనే మిషనక్క కుట్లు విప్పే సూది అందుకుంది. కళ్ళజోడు పెట్టుకుని అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పాపాయి మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి, డాబా మీద తెల్ల ముక్కలు వరసలుగా ఆరుతున్నాయి. "ఇంట్లోకి దారెటు?" అని అడిగాడాయన వాటి మధ్యనుంచి. రోజంతటిలో మొదటిసారి అమ్మ నవ్వింది. వెంటనే, "ఆయన ఇంకా తలుపు తియ్యలేదు" అని మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున సంచీ భుజాన వేసుకుని పాపాయి ఒక్కతే బయల్దేరింది. మెట్లు దిగేసరికి నాన్న వీధి గుమ్మంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. పాపాయి వాటిని విప్పి సరిగ్గా పెట్టింది. చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

"పద, ఎండ ముదురుతుంది" అన్నాడు.

టోకు కొట్టువాడు వాళ్ళని చూడగానే ఎదురొచ్చాడు. పాపాయి తెచ్చిన కుంచించుకుపోయిన గౌనుని చూసి కూడా తొణకలేదు. "అయ్యో, ఆ తాను ఒక్కటే ఎక్కడో తేడా వచ్చుంటుంది. ఇదిగో, కొత్త సరుకు చూడండి. అమ్మాయిగారికి గుడ్డ సంగతి ఏం తెలుస్తుంది లెండి. మీరొకసారి నాడి చూస్తే చాలు షావుకారుగారూ, ఇక తిరుగుండదు" అంటూ తాను అంచు తెచ్చి ఆయన చేతికి అందించాడు.

కొట్లో బేరాలాడుతున్నవాళ్ళు కొందరు ఇటు తిరిగారు. నాడి షావుకారు గుడ్డ పట్టుకోవడం చూడటం వాళ్ళకి సరదా. ఆయన అంచుని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు. కొట్టువాడి మొహంలోకి సూటిగా చూశాడు.

"నా వేళ్ళకి స్పర్శ పోయింది తమ్ముడూ" అన్నాడు అందరికీ వినపడేలా. "పోయి ఏడాదైంది. నీకూ అనుమానం వచ్చే ఉంటుంది, వచ్చాకే ఆ గుడ్డలు అంటగట్టావు. ఆ లెక్క తర్వాత చూసుకుందాం. ఇకనుంచి మా ఇంట్లో గుడ్డ చూసేది మా అమ్మాయి."

తాను అంచుని పాపాయి చేతికిచ్చాడు. కొట్టువాడు నేలచూపులు చూశాడు. బేరాలు ఆగిపోయాయి.

 పాపాయి అంచుని వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. తెల్లటి పొడి వేళ్ళకి అంటింది. అంత గంజి.

"ఇది వద్దు" అంది. "ఇంకోటి తియ్యండి."

కొట్టువాడు అలవాటు కొద్దీ నాన్నవైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావయ్యా, వినపడలేదా?" అన్నాడు నాడి షావుకారు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ గొంతు మాత్రం కొట్టు కప్పుకి తగిలింది. "అమ్మాయి ఇంకోటి తియ్యమంటోంది."