జనాజా లేచేలోగా

"దురియన్ పండు పాయసంలో విషం కలిపారు, కులుప్. తీపి పెడితే కాదననని వాళ్ళకి తెలుసు."

పెమాతాంగ్ రాజ్యాన్నేలే సుల్తాన్ నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. పరదా ఇవతల కూర్చున్న కులుప్ ఆయన గూఢచారి. సొంతమని చెప్పుకోవడానికి సుల్తాన్‌కు మిగిలింది అతనొక్కడే. ముప్పై ఏళ్ళ ఏలుబడిలో తగరం గనుల పన్ను, సిపాయిలు, కోర్టు, ఆఖరికి ఏనుగుల మేత కూడా ఇంగ్లీషు రెసిడెంట్ పెల్హామ్ చేతిలోకి పోయాయి. పెల్హామ్ చెప్పేదాన్ని సలహా అనేవారు. దాన్ని కాదనే హక్కు మాత్రం సుల్తాన్‌కు లేదు.

"డాక్టర్ని పిలుస్తాను, తువాంకు, నా ప్రభూ!"

"దొర డాక్టరేగా? కలరా అని రాస్తాడు. ఈ సాయంత్రం నమాజులోగా పూడ్చేయమంటాడు. తర్వాతేమిటో నీకు తెలుసు."

తెలుసు. సింహాసనం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. కొత్త సుల్తాన్‌కు నౌబత్ అనే రాజ డోళ్ళు మోగాకే పాత సుల్తాన్ జనాజా, అంటే పాడె, లేవాలి. ఆ వేళకు కొడుకు రాజా హితాం లేకపోతే, ఉన్న మేనల్లుడికే మోగించక తప్పదు. ఆ మేనల్లుడు రాజా బుజాంగ్ తగరం కంపెనీ సొమ్ముతో తాగి, ఆ కంపెనీ కుర్చీలోనే నిద్రపోయే రకం. రాజా హితాంను ఏటి మొగలో కస్టమ్స్ బంగళాలో అతిథి పేరుతో కాపలాలో ఉంచారు.

"బతికుండగా వాళ్ళని ఒక్కసారీ కాదనలేకపోయాను. పోయాకైనా కాదంటాను. నా కొడుకుని తీసుకురా. ఇదే నీ పని," అన్నాడు సుల్తాన్. ఆ మాటతోనే కన్నుమూశాడు.

ఏటి పొడవునా నాటకాల రాణిగా పేరున్న రుబియా పడవ ఎక్కడం తప్ప కులుప్‌కు వేరే దారి లేదు. కబుర్లు మోసినందుకు ఆమెకు దొరా జీతమిచ్చేవాడు, సుల్తానూ ఇచ్చేవాడు. నిజం ఎవరికి చెప్పేదో ఆమెకే తెలియాలి.

బంగళా కాపలావాళ్ళ ముందు రుబియా పాడి ఆడింది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, నాటకంలో రాజు వేషగాడు లోపలికెళ్ళి రాజా హితాం మంచం మీద దుప్పటి ముసుగు తన్నాడు. వాడి పసుపు పట్టు, తగరపు కిరీటం తగిలించుకుని రాజా హితాం బయటికి వచ్చాడు. ఏటికి పోటెక్కే వేళకు పడవ వెనక్కి తిరిగింది.

సగం దారిలో పోలీసు లాంచీ అడ్డం వచ్చింది.

"ఏం మహారాజా, రాత్రి తాగింది ఇంకా దిగలేదా?" అంటూ సార్జంట్ రాజా హితాం కిరీటాన్ని లాఠీతో తట్టాడు.

"రాజుగారి సంగతి తర్వాత చూసుకో సార్జంటూ. కింద అర వెతుకు. సుల్తాన్ గూఢచారి ఉన్నాడు," అంది రుబియా.

అరలో దాక్కున్న కులుప్‌ను పోలీసులు పైకి ఈడ్చారు. వెంటనే అతను తన గొడుగు కర్రలో దాచిన, విషపు ముల్లు ఊదే గొట్టాన్ని రుబియా మీదికి ఎత్తాడు. ఆమె గొడుగు లాక్కుని పక్కన పడేసింది.

"విశ్వాసం లేనిదానా! నువ్వు నాశనమైపోను!"

"ముందు నీ సంగతి చూసుకో, అన్నా." సార్జంట్ వైపు తిరిగింది. "మా పడవకీ తాడు కట్టి లాగించు. సుల్తాన్ పోయాడట, ఆఖరి సలాం పెట్టుకోవాలి. దొర దగ్గర నా బహుమానమూ తీసుకోవాలి."

దొరికిన దొంగను చూపించాలన్న తొందరలో సార్జంట్ అలాగే కట్టించాడు.

కోట వసారాలో సంకెళ్ళతో నిలబెట్టారు కులుప్‌ను. ఎదురుగా తెల్లగుడ్డ చుట్టిన సుల్తాన్. వృద్ధ మంత్రి దాతో నారా కర్పూరం చాల్లేదని ఒకసారి, గుడ్డ మడత సరిగ్గా లేదని ఒకసారి కాలయాపన చేస్తున్నాడు.

"ఇక చాలు. ఈ బుజాంగ్‌కి డోళ్ళు కొట్టి, జనాజా ఎత్తండి," అన్నాడు పెల్హామ్.

మోసేవాళ్ళు వంగారు. బుజాంగ్ పట్టం కట్టే చాప మీదికి అడుగు వెయ్యబోయాడు. ఓడిపోయాను తువాంకు, అనుకుని కులుప్ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు వచ్చారు నాటకాలవాళ్ళు.

"ఈ వేషగాళ్ళని ఎవడు రానిచ్చాడు?" పెల్హామ్ విసుక్కున్నాడు.

వేషం రాజు కిరీటం తీసి కింద పెట్టాడు. తండ్రి పాదాలు ముద్దు పెట్టుకుని, లేచి బుజాంగ్ కంటే ముందు చాప మీద నిలబడ్డాడు. దాతో నారా కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యెత్తాడు. నౌబత్ డోళ్ళు ఒక్కసారిగా మోగాయి.

"దౌలత్, తువాంకు!" అని కోటంతా కొత్త సుల్తాన్‌కు జేజేలు కొట్టింది.

"ఆపండి! ఇది చెల్లదు!"

"ఒప్పందం మీరు రాయించిందే, దొరగారూ," అన్నాడు మంత్రి. "మతం, ఆచారం తప్ప తక్కినవన్నీ మీ సలహా ప్రకారమే. ఇది ఆచారం."

రుబియా కులుప్ పక్కకు వచ్చి నిలబడింది.

"నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు కులుప్.

"ఒకణ్ణి పట్టుకున్న పోలీసు ఇంకొకణ్ణి వెతకడు. చెబితే నీకంత మంచి ఏడుపు వచ్చేదా? నటన నీ వల్ల కాదు."

కొత్త సుల్తాన్ మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. "వాడి సంకెళ్ళు తియ్యండి."

పెల్హామ్ చుట్ట ముట్టించాడు. "అది పోలీసు వ్యవహారం, తువాంకు. ఆచారం కాదు. ఉండనివ్వమని నా సలహా."

తండ్రి ముప్పై ఏళ్ళు మింగిందేమిటో ఆ క్షణాన రాజా హితాంకు అర్థమైంది.

"మీ సలహా ప్రకారమే," అన్నాడు.

జనాజా లేచింది. కులుప్ చేతులు నుదుటికెత్తి తన సుల్తాన్‌కు మొక్కాడు. రెండు చేతులూ సంకెళ్ళతో దొర ముందుగానే కలిపి ఉంచాడు కాబట్టి, ఆ పని సులువుగానే అయింది.