హావెన్‌బీలో ఆ శనివారం

తలుపు సందులోంచి ఉత్తరం జారి చాప మీద పడింది. డెస్ హిండిల్ గోడ పట్టుకుని మెల్లగా వంగాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ఎడమ తుంటి మార్పించుకుని రెండేళ్ళయింది, మోకాళ్ళు మాత్రం ఇంకా పాతవే. వంగడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. తను తీసి ఇస్తుంది కదా, ఎందుకీ అవస్థ అని వంటింట్లోంచి గ్లెనిస్ సణిగింది. నవంబరు నెల, రోచ్‌డేల్‌లో నాలుగు రోజుల నుంచీ ఒకటే ముసురు.

ఉత్తరం హావెన్‌బీ ఫుట్‌బాల్ క్లబ్ నుంచి వచ్చింది. డెస్ నిలబడే ఒకసారి చదువుకుని, వంటింట్లోకి వచ్చి కళ్ళజోడు పైకి తోసుకుని రెండోసారి పైకి చదివాడు. లండన్ నుంచి వచ్చిన పెద్ద జట్టుని హావెన్‌బీ జట్టు కప్పు పోటీలోంచి వెళ్ళగొట్టి జనవరికి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆనాటి ఆటగాళ్ళలో బతికున్న వాళ్ళందరినీ మైదానంలో నిలబెట్టి సత్కరిస్తారట, తరవాత విందట. ఆ రోజు రెండు గోల్సూ కొట్టిన హిండిల్ గారు తప్పకుండా సతీసమేతంగా రావాలట.

"హిండిల్ గారట, విన్నావా?" అన్నాడు డెస్. నవ్వుతూ ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాడు.

గ్లెనిస్ రొట్టె ముక్కకి వెన్న రాస్తోంది. రాయడం ఆపలేదు. "నువ్వు వెళ్ళిరా. జనవరిలో నేను డోరీన్ ఇంటికి వెళ్ళాలి కదా," అంది.

ప్రతి జనవరిలోనూ లింకన్‌లో ఉన్న అక్క ఇంటికి వెళ్ళి ఒక రాత్రి ఉండి రావడం ఆమెకి ఇరవై ఏళ్ళ నుంచీ అలవాటు. ఈ ఒక్క ఏడాదికి ఓ వారం అటో ఇటో జరుపుకోవచ్చు కదా అన్నాడు డెస్. జరపడానికి లేదంది గ్లెనిస్.

డెస్ పదిహేడేళ్ళు ఫుట్‌బాల్ ఆడి సంసారం నెట్టుకొచ్చాడు. పేరు మోసిన ఆటగాడు కాడు. మూడో డివిజన్లోనూ నాలుగో డివిజన్లోనూ ప్రత్యర్థి గోల్ ముందు నిలబడి, మోచేతుల పోట్లు తింటూ, వచ్చిన బంతికి తల ఆనించే స్ట్రైకర్. మొత్తం పన్నెండు క్లబ్బులు. ఎవరో ఒక మేనేజర్ ముచ్చటపడి తెచ్చుకునేవాడు. ఆర్నెల్లకో ఏడాదికో ఆ మేనేజర్ ఉద్యోగం ఊడేది. కొత్తగా వచ్చినాయనకి డెస్ అక్కర్లేదు. డార్లింగ్టన్ నుంచి హాలిఫాక్స్, అక్కణ్ణించి దేశం అటు చివర టార్కీ, మళ్ళీ ఇటు చివర హావెన్‌బీ. ఏ ఊళ్ళోనూ రెండు సీజన్లు నిండలేదు. పద్నాలుగు ఇళ్ళు మారారు. ఒక ఇంటి కిటికీకి కుట్టిన కర్టెన్లు ఇంకో ఇంటి కిటికీకి సరిపోయేవి కావు. గ్లెనిస్ వాటి అంచులు విప్పడం, మళ్ళీ కుట్టడం, విప్పడం. ఆట మానేశాక డెస్ రోచ్‌డేల్‌లో ఒక స్కూలు కేర్‌టేకర్‌గా పనిచేసి రిటైరయ్యాడు.

అలాంటి జీవితంలో మెరిసిన రోజు అదొక్కటే. పబ్బులోకి ఎవరు కొత్తగా వచ్చినా, డెస్, ఆ లండన్ వాళ్ళ కథ చెప్పవా అని పక్కవాళ్ళు ఎగదోసేవారు. డెస్ బల్ల మీదున్న ఉప్పు సీసాని గోల్‌కీపర్‌ని చేసి, మిరియాల సీసాని తనని చేసి, బురదలో మొదటి గోల్ తలతో ఎలా కొట్టాడో, రెండోది ఎడమ కాలితో ఎలా దూర్చాడో చెప్పేవాడు. కథ మొదలవగానే గ్లెనిస్ కోటు తీసుకుని బయటికి వెళ్ళేది. విన్న కథే విని విసుగెత్తింది పాపం అని డెస్ సరిపెట్టుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు నటాలీ భోజనానికి వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళది, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. తండ్రి ఫోనులో ముందే చెప్పాడు కాబట్టి అన్నీ ఆలోచించుకునే వచ్చింది. హావెన్‌బీలో హోటలు గది కూడా చూసి పెట్టింది. వేయించిన మాంసం, బంగాళాదుంపలు వడ్డించుకున్నాక మాట ఎత్తింది. అమ్మ రానంటోందని తండ్రి మెల్లగా చెప్పాడు. నటాలీ ఫోర్కు కింద పెట్టేసింది.

"ఒక్క రోజమ్మా. పదిహేడేళ్ళు ఊరూరా దెబ్బలు తిన్న మనిషికి ఒక్కసారి చప్పట్లు కొడతామంటున్నారు. పక్కన నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది?"

"చప్పట్లు కొట్టడానికి ఊరంతా ఉంటారులే," అంది గ్లెనిస్.

"నీకు మొదట్నుంచీ నాన్న ఆటంటే చులకన. ఆయన ఆ కథ ఎత్తగానే లేచిపోతావు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను."

"ఊరుకో నటాలీ," అన్నాడు డెస్.

"ఎందుకు ఊరుకోవాలి? నువ్వు ఊరుకునే ఇంతవరకు తెచ్చావు. నీకు సంతోషమైన రోజు ఒక్కటుంటే దాన్ని కూడా చూడలేకపోతే ఎలా నాన్నా?"

గ్లెనిస్ చేతిలో గ్రేవీ జగ్గు ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "ఆ శనివారం నేనెక్కడున్నానో మీ నాన్నని అడుగు," అంది.

నటాలీ తండ్రి వైపు చూసింది. డెస్ కంచంలోకి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"హావెన్‌బీ ఆస్పత్రిలో ఉన్నాను," అంది గ్లెనిస్. "నీకంటే ముందు ఒక పిల్లాడు పుట్టాడు. బుధవారం పుట్టాడు. పుట్టేసరికే ఊపిరి లేదు. రాబిన్."

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకగా నటాలీ వినలేదు. డెస్ కూడా నలభై ఏళ్ళలో వినలేదు.

గ్లెనిస్ గొంతు పెంచకుండానే మిగతాది చెప్పింది. ఆ రోజుల్లో బిడ్డని తల్లికి చూపించేవారు కాదు. చూస్తే మరిచిపోలేరనేవారు. నర్సు గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే, ఆ నర్సు వీపు మాత్రమే కనబడింది. సాయంత్రం డెస్ వచ్చి, అంతా ఆస్పత్రివాళ్ళే చూసుకుంటారు, మనం వెళ్ళే పద్ధతి లేదు, ఎప్పుడో ఎక్కడో కూడా చెప్పరు అన్నాడు. ఆమె నమ్మింది. దాదాపు ఇరవై ఏళ్ళు నమ్మింది. తరవాత ఒకరోజు టీవీలో తనలాంటి తల్లులు కొందరు బిడ్డల సమాధులు వెతికి పట్టుకున్నారని చూసి, హావెన్‌బీ కౌన్సిలుకి ఉత్తరం రాసింది. రెండు వారాల్లో జవాబు వచ్చింది. శ్మశానం రిజిస్టరులో ఒక పేజీకి నకలు తీసి పంపారు.

"శనివారం ఉదయం పది గంటలు అని రాసుంది. తండ్రికి తెలియజేయడమైనది అని రాసుంది. కింద సంతకం నీదే, డెస్." అప్పటిదాకా కూతురితో చెబుతున్నది, ఇప్పుడు అతని వైపు తిరిగింది. "పదింటికి వాణ్ణి మట్టిలో పెట్టారు. మూడింటికి నువ్వు ఆడావు. మైదానం ఆస్పత్రి వెనకాలే కదా. కిటికీలోంచి జనం కేకలు వినబడ్డాయి నాకు. రెండుసార్లు."

నటాలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకు ఇరవై ఏళ్ళుగా తెలుసా?" అన్నాడు డెస్ చివరికి.

"తెలుసు. జనవరిలో నేను డోరీన్ ఇంటికి ఒక్కసారీ వెళ్ళలేదు."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏదో ఒకటి చెబుతావు. చెప్పింది నమ్మలేకపోతే ఇంక నీతో ఉండలేను. అందుకని అడగలేదు."

డెస్ లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. వానలో తల మీద ఏమీ లేకుండా చాలాసేపు నిలబడ్డాడు. నటాలీ తల్లి దగ్గర కూర్చుని ఏడ్చింది. తెలియక అన్నానమ్మా అంది. నీకెలా తెలుస్తుంది, నీకు చెప్పలేదు కదా అంది గ్లెనిస్. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

తనకి ఒంట్లో బాగుండటం లేదనీ, రాలేననీ మర్నాడు డెస్ క్లబ్బుకి ఉత్తరం రాశాడు. పబ్బుకి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో మాటలు చెత్తబుట్ట ఏ రోజు బయట పెట్టాలి, పాలు ఉన్నాయా అన్నంత వరకే మిగిలాయి. క్రిస్మసుకి నటాలీ వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుని, ఇద్దరి తరఫునా తనే మాట్లాడి వెళ్ళింది. గ్లెనిస్ కోపంగా ఉన్నా బాగుండేదని డెస్‌కి అనిపించింది. ఆమె మామూలుగానే టీ పెట్టి ఇస్తోంది. మామూలుగానే మందులు గుర్తు చేస్తోంది. ఎదురుగా కూర్చుని ఏదో చెప్పాలని అతను నోరు తెరిచిన ప్రతిసారీ ఆమె లేచి ఏదో ఒక పని చూసుకునేది.

జనవరిలో క్లబ్బు సత్కారం పెట్టుకున్న శనివారం తెల్లవారింది. గ్లెనిస్ చిన్న సంచీ సర్దుకుని మెట్లు దిగేసరికి డెస్ కోటు తొడుక్కుని, కారు తాళాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"రైలెందుకు. నేను తీసుకెళ్తాను."

"ఆ తుంటితో మూడు గంటలు కూర్చోలేవు."

"కూర్చుంటాను."

గ్లెనిస్ అతని మొహం కేసి చూసి, వెళ్ళి కారెక్కింది.

హావెన్‌బీ దగ్గర పడుతుంటే ఎడమ పక్క బూడిద రంగు సముద్రం కనబడింది. చేపల గోదాములు సగం మూతబడ్డాయి. ఫుట్‌బాల్ మైదానం గేటుకి జెండాలు కట్టి ఉన్నాయి, డెస్ అటు చూడలేదు. కూడలి వచ్చింది. ఎడమకి తిరగాలని చెప్పబోయింది గ్లెనిస్. అప్పటికే డెస్ ఎడమకి తిప్పాడు. చర్చి దాటాక కుడి పక్కకి, ఇటుకల బట్టీ గోడ వెంబడి ఒక సందులోకి పోనిచ్చాడు. ఆ సందుకి బోర్డు కూడా లేదు. ఇరవై ఏళ్ళుగా వస్తున్నా ఆ దారి ఆమెకే తెలియదు, ఆమె ఎప్పుడూ బస్సు దిగి ముందు గేటు నుంచే వెళ్ళేది. సందు చివర శ్మశానం వెనక గేటు. డెస్ అక్కడ ఆపాడు.

గ్లెనిస్ అతని వైపు తిరిగింది. "ఈ దారి నీకెలా తెలుసు?"

డెస్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి గేటు వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఇక్కడిదాకా వచ్చాను. ఆ రోజు. నీకు చెబితే ఆ కుట్లతోనే మంచం దిగి వచ్చేస్తావని భయమేసింది. నేనొక్కణ్ణే వెళ్ళి వస్తే చాలు, నీకు తరవాత చెబుదాం అనుకున్నాను. తొమ్మిదిన్నరకే వచ్చి ఆ గేటు పక్కన నిలబడ్డాను. ఆస్పత్రి వ్యాన్ వచ్చింది. ఒకాయన దిగాడు. నా కాళ్ళు లోపలికి పడలేదు గ్లెన్. పారిపోయాను."

ఆమె కూడా గేటు వైపే చూస్తోంది.

"మేనేజర్ ఆడొద్దనే అన్నాడు, ఇంటికి పొమ్మన్నాడు. ఇంట్లో ఆ ఉయ్యాల ఉంది. ఎక్కడికి పోను? ఆడతానన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "ఆ గోల్స్ నాకు గుర్తులేవు. ఒక్కటి కూడా. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియదు. నన్నెవరో భుజాల మీద ఎత్తుకున్నారు, ఎందుకో అర్థం కాలేదు. మర్నాడు పేపర్లో చదివాను. ఆ చదివిందే ఇన్నేళ్ళూ చెబుతున్నాను. గుర్తులేదంటే ఎందుకు గుర్తులేదని అడుగుతారు కదా. పారిపోయి వచ్చానని నీకెలా చెప్పను? ఒక రోజు ఆగాను, ఒక వారం ఆగాను. తరవాత ఇంక చెప్పే వీలు లేకపోయింది."

కారు అద్దం మీద చినుకులు పడుతున్నాయి. గ్లెనిస్ చేతి సంచీ పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. అతన్ని తిడుతుందో, తలుపు తీసుకుని దిగిపోతుందో డెస్‌కి తెలియలేదు.

"ఆ వ్యాన్ దిగినాయన," అంది చాలాసేపటికి. "ఎలా పట్టుకున్నాడు?"

"ఏంటి?"

"పెట్టెని. చంకలో ఇరికించుకున్నాడా? ఒంటి చేత్తో పట్టుకున్నాడా?"

డెస్ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. రెండు అరచేతులూ పైకి తిప్పి గుండెకి దగ్గరగా పెట్టుకుని చూపించాడు. "ఇలా. రెండు చేతులతో. తెల్ల పెట్టె. బాగా వాన పడుతోంది. వ్యాన్ దగ్గరే ఆగి, తన కోటు విప్పి దాని మీద కప్పాడు. ఆయన మాత్రం తడుస్తూనే నడిచాడు. మెల్లగా నడిచాడు, జారకుండా."

"కోటు కప్పాడా?"

"కప్పాడు. చూశాను."

గ్లెనిస్ మొహం ముడుచుకుపోయింది. ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఎవరూ లేకుండా, ఏదో పనికిరాని వస్తువుని పడేసినట్టు తన బిడ్డని పడేసి ఉంటారని ఆమె ఇరవై ఏళ్ళుగా అనుకుంటోంది. ప్రతి ఏడూ ఆ రాయి ముందు నిలబడినప్పుడు అదే తలపుకి వచ్చేది. డెస్ చెయ్యి చాపాడు కానీ ఆమెని ముట్టుకోవచ్చో లేదో తెలియక మధ్యలో ఆపేశాడు. ఆ చేతిని ఆమే పట్టుకుంది.

"నిన్ను ఇప్పుడే క్షమించలేను, డెస్," అంది కొంతసేపటికి, కళ్ళు తుడుచుకుని.

"తెలుసు."

"కానీ వాణ్ణి చూసిన వాళ్ళు మనలో ఒకళ్ళు ఉన్నారు. అది నాకు తెలియదు."

ఇద్దరూ దిగారు. గేటు దగ్గర డెస్ కాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. గ్లెనిస్ వెనక్కి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. తడి గడ్డిలో మెల్లగా నడిపించుకుంటూ, హాథార్న్ ముళ్ళపొదల అవతల చిన్న చిన్న రాళ్ళున్న చోటికి తీసుకెళ్ళింది. అక్కడ ఒకే గోతిలో తొమ్మిదిమంది పిల్లలున్నారు. పేరున్న రాయి ఒక్కటే, అది గ్లెనిస్ పెట్టించింది. రాబిన్ హిండిల్ అని ఉంది.

డెస్ రాయి మీద చెయ్యి ఆనించుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతని భుజాలు కదులుతుంటే గ్లెనిస్ పక్కనే నిలబడి అతని తల మీద గొడుగు పట్టింది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆమె కొడుకుతో ఇంటి కబుర్లు చెప్పేది. చెల్లెలి సంగతులు చెప్పేది. తండ్రి ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

"నాన్న ఆ రోజే వచ్చాడట రా," అంది. "నాకే తెలియలేదు."